అది క్యాన్సర్ జన్యువు కాదు పిన్నీ

పోయిన నెల మా చెల్లికి ఒక సంబంధం వచ్చింది. చెల్లి అంటే మా పిన్ని కూతురు. పిన్నికి రొమ్ము క్యాన్సర్, చికిత్స నడుస్తోంది. అబ్బాయి వాళ్లది మా విశాఖలోనే గాజువాక, ఉద్యోగం బాగుంది, జాతకాలు కుదిరాయి, పిల్లని చూసుకోవడానికి ఎప్పుడు రమ్మంటారు అనే దాకా వచ్చాక అబ్బాయి వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. చాలా మర్యాదగానే మాట్లాడారు. "ఏమీ అనుకోకండి వదినగారూ, మీ రిపోర్టులో క్యాన్సర్ జీన్ ఉన్నట్టు వచ్చిందని విన్నాం, అది అమ్మాయికి కూడా ఉంటుందేమో ఒకసారి డాక్టర్ని కనుక్కుంటారా" అన్నారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఎంవీపీ కాలనీలో పిన్ని వాళ్ల వంటింట్లో పిన్ని, చెల్లి, నేను ముగ్గురం ఉన్నాం. చెల్లి ఉల్లిపాయలు తరగడం ఆపేసింది. పిన్ని నా వైపు చూసింది. 19 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతున్నదాన్ని, జవాబు నా దగ్గరే ఉండాలి కదా. నాకు నోరు పెగల్లేదు. చివరికి పిన్నే "కనుక్కుని చెప్తానండీ" అని ఫోన్ పెట్టేసింది.

ఆవిడ మీద నాకు కోపం లేదు. కొడుక్కి పెళ్లి చేస్తున్న ఏ తల్లైనా అడిగే మాటే అడిగారు. నా కోపమంతా ఆ పేరు మీద. క్యాన్సర్ జీన్. పిన్ని రిపోర్టు వచ్చిన రోజు ఆసుపత్రి కౌంటర్‌లో కాగితం ఇచ్చిన అబ్బాయి కూడా అదే అన్నాడు, "అమ్మా, మీకు క్యాన్సర్ జీన్ పాజిటివ్" అని. పేపర్లో హెడ్డింగు అదే, యూట్యూబ్ వీడియోల మీద ఎర్రక్షరాల్లో అదే, నేను కూడా క్లాసులో తొందరలో ఎన్నోసార్లు అదే మాట వాడాను. ఇప్పుడు ఆ మాట వాడటం మానేశాను, మీరూ మానేయాలని అడగడానికే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను. క్యాన్సర్ కోసం పుట్టిన జన్యువు అంటూ మన ఒంట్లో ఏదీ లేదు. ఉన్నవన్నీ పెరగడానికి, పెరిగింది చాలని ఆగడానికి, పాడైన చోట బాగుచేయడానికి పనికొచ్చే జన్యువులే. అవి చెడిపోయినప్పుడు వచ్చే జబ్బు పేరు తెచ్చి వాటికి తగిలించాం. పదాల పట్టింపు అనుకోకండి, ఆ పేరు వల్ల ఇళ్లల్లో ఏం జరుగుతోందో ఏడాదిగా కళ్లారా చూస్తున్నాను.

కత్తిపీట దగ్గర అడిగిన ప్రశ్న

పిన్నికి గడ్డ బయటపడక ముందు సంగతి. ఒక ఆదివారం బాబాయ్ వంజరం చేప తెచ్చారు. పిన్ని కత్తిపీట మీద ముక్కలు కోస్తుంటే చెయ్యి జారి ఎడమచేతి చూపుడువేలు లోతుగా తెగింది. రక్తం ధార కట్టింది. పసుపు అద్ది, గుడ్డ కట్టి, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత నేను వెళ్లినప్పుడు ఆ వేలు నా ముఖం ముందు పెట్టింది. సన్నటి గులాబీరంగు గీత, అంతే. వేలితో రాస్తే గీత తగులుతుంది కానీ ఎత్తు లేదు, పల్లం లేదు. "చర్మం దానంతటదే పెరిగింది, సరే. సమానంగా వచ్చాక ఆగమని దానికి ఎవరు చెప్పారే?" అంది. నేను "కణాలకి తెలుస్తుంది పిన్నీ" అని దాటేశాను.

ఆమె అడిగిందే అసలు ప్రశ్న అని నాకు తర్వాత అర్థమైంది. మనం పెరుగుదల గురించి ఎప్పుడూ ముందుభాగమే చెబుతాం. ఏం తింటే పెరుగుతారు, ఏ హార్మోన్ వల్ల ఎత్తొస్తుంది, ఇలా. ఆగడం గురించి చెప్పం. వేలు తెగిన చోట రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు కొన్ని ప్రోటీన్లని వదులుతాయి. వాటిలో ఒకదాని పేరు పీడీజీఎఫ్. అది పక్కనున్న కణాల మీద కబురు అందుకునే గ్రాహకాలకి తగిలితే, అప్పటిదాకా ఊరికే ఉన్న ఆ కణాలు విభజన మొదలుపెడతాయి. రెండు అంచుల నుంచీ చర్మకణాలు మధ్యలోకి జరుగుతూ వస్తాయి, ఒకదానికొకటి ఒరుసుకున్నాక ఆగుతాయి. గాజు పాత్రలో పెంచినా అంతే, పాత్ర అడుగంతా పరుచుకుని పక్కవాటికి తగలగానే ఒక్క వరసతో ఊరుకుంటాయి. క్యాన్సర్ కణాలు మాత్రం ఊరుకోవు, ఒకదాని మీదొకటి ఎక్కుతాయి.

ఇప్పుడు పీడీజీఎఫ్ గురించి ఒక సంగతి చెప్పాలి. కోతుల్లో కణితులు పుట్టించే వైరస్ ఒకటుంది. ఆ కణితికి కారణమైన జన్యువుకి సిస్ అని పేరు పెట్టి, ఆంకోజీన్ల, అంటే కణితి తెచ్చే జన్యువుల, జాబితాలో చేర్చారు. 1983లో రెండు బృందాలు ప్రోటీన్ల వరసలు పోల్చి చూస్తే, ఆ సిస్ తయారుచేసేది ఇంచుమించు మన పీడీజీఎఫ్‌నే. అంటే మా పిన్ని వేలిని మాన్పిన సరుకూ, కోతికి కణితి తెచ్చిన సరుకూ ఒకటే. ఒకచోట కాస్త వచ్చి ఆగిపోయింది, ఇంకోచోట ఆగకుండా వస్తూనే ఉంది.

ఇంకా పాత కథ పేటన్ రౌస్‌ది. 1911లో ఆయన కోడి కణితిని నూరి, కణాలు పోకుండా వడపోసి, ఆ నీటిని వేరే కోడికి ఎక్కిస్తే దానికీ కణితి వచ్చిందని చూపించాడు. అది వైరస్ పని. అందుకు నోబెల్ ఇచ్చింది 1966లో, 55 ఏళ్ల తర్వాత. కానీ నాకు ముఖ్యమైంది 1976లో జరిగింది. బిషప్, వార్మస్ బృందం ఆ వైరస్‌లో కణితి తెచ్చే సార్క్ జన్యువు ఎక్కడిదని వెతికితే, జబ్బులేని మామూలు కోళ్ల డీఎన్ఏలోనే దొరికింది. వైరస్ ఎప్పుడో కోడి దగ్గర్నుంచి దాన్ని ఎత్తుకుపోయింది. మనుషుల్లోనూ ఉంది. బయటినుంచి వచ్చిన శత్రువు అనుకున్నది మన ఇంటి సరుకే అని తేలాక, వాళ్లిద్దరికీ 1989లో నోబెల్ వచ్చింది. ఇది తెలిసి ఇన్నేళ్లయినా మనం ఇంకా "క్యాన్సర్ జన్యువు" అంటూనే ఉన్నాం.

సముద్రంలో ఆగిన ఓడలు

బాబాయ్ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. పిన్ని కీమోలు నడుస్తున్న రోజుల్లో సాయంత్రాలు ముగ్గురం బీచ్ రోడ్డుకి వెళ్లేవాళ్లం. చీకటి పడ్డాక సముద్రంలో దూరంగా దీపాల వరస కనిపిస్తుంది కదా, బెర్తు కోసం ఆగిన ఓడలు. నేను పిన్నికి కణాల సంగతి చెప్పడానికి అవస్థ పడుతుంటే బాబాయ్ మధ్యలో అందుకున్నారు. "ఓడకి ఇంజను ఉంది, డీజిల్ ఉంది, కెప్టెన్ ఉన్నాడు. అయినా దానంతటది లోపలికి రాకూడదు. బెర్తు ఖాళీ అవ్వాలి, కబురు రావాలి, మన పైలట్ పడవలో వెళ్లి ఓడెక్కాలి, టగ్గులు రావాలి. అప్పటిదాకా లంగరేసుకుని కూర్చోవడమే" అన్నారు. నేను క్లాసులో ఇన్నేళ్లు చెప్పిన యాక్సిలరేటర్, బ్రేకు పోలిక కంటే ఇదే బాగుందనిపించింది. మన ఒంట్లో ఎక్కువ కణాలు లంగరేసిన ఓడల్లాంటివే. విభజనకి కావలసినవన్నీ ఉంటాయి, కబురు లేదు కాబట్టి ఆగి ఉంటాయి.

ఆ కబురు ఎలా చేరుతుందో చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ ఒక తెలుగాయన గుర్తొస్తారు. పెరుగుదల సంకేతం కణం పైనున్న గ్రాహకానికి తగిలితే, రెండు గ్రాహకాలు దగ్గరికి చేరి ఒకదాని తోకకి ఇంకోటి ఫాస్ఫేట్ ముక్కలు అతికించుకుంటాయి. ఆ ఫాస్ఫేట్‌ని పట్టుకుని లోపలి ప్రోటీన్లు పోగవుతాయి, రాస్ అనేది ఆన్ అవుతుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని, ఆ తర్వాతి మెట్లలో ఫాస్ఫేట్ అతికించడమే పని, అలా కబురు కేంద్రకం దాకా వెళుతుంది. ఆ ఫాస్ఫేట్ వచ్చేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించిన వాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి. ఫాస్ఫరస్‌ని కొలిచే వాళ్లిద్దరి పద్ధతి 1925 నాటిది. ఇదే సుబ్బారావుగారి బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ వ్యతిరేక మందుతోనే 1948లో బోస్టన్‌లో ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో కొందరికి, కొన్నాళ్లకైనా, జబ్బు తగ్గించగలిగాడు. కణం డీఎన్ఏ కాపీ చేసుకోవడానికి కావలసిన సరుకు దొరక్కుండా చేయడం ఆ మందు పని. ఈ పనుల్లో ఏ ఒక్కటి చేసినా జీవితం సార్థకమే. పిల్లలకి ఈ పేరు చెప్పినప్పుడల్లా నా గొంతు మారుతుంది.

మళ్లీ రాస్ దగ్గరికి. ఈ రాస్‌కి ఒక చిన్న సొంత అలవాటుంది, ఆన్ అయిన కాసేపటికి తను పట్టుకున్న జీటీపీ అనే అణువుని తనే విరిచి ఆఫ్ అయిపోతుంది. 1982లో మనిషి మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో చూస్తే ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా, దానివల్ల ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ ఉండాల్సిన చోట వాలీన్ వచ్చింది. 300 కోట్ల పైచిలుకు అక్షరాల్లో ఒక్కటి. ఆ తేడాతో రాస్ ఆన్ అవడం మామూలుగానే ఉంది, ఆఫ్ అవడమే మర్చిపోయింది. పిన్ని వేలు చూపించి అడిగింది ఇదే కదా.

కబురు కేంద్రకానికి చేరాక విభజనని నడిపే సైక్లిన్లు అనే ప్రోటీన్లు తయారవుతాయి, ఆర్‌బీ అనే కాపలా ప్రోటీన్ పట్టు సడలుతుంది, డీఎన్ఏ కాపీ మొదలవుతుంది. మధ్యలో డీఎన్ఏ దెబ్బతిన్నట్టు తెలిస్తే పీ53 అనే ఇంకో ప్రోటీన్ అన్నీ ఆపేస్తుంది, బాగుపడకపోతే ఆ కణాన్నే చనిపొమ్మంటుంది. ఆర్‌బీ, పీ53 లాంటివి ఆపేవి, రాస్, సార్క్ లాంటివి కదిలించేవి. బాబాయ్ పోలిక ఇక్కడికి వచ్చేసరికి సరిపోదు, ఎందుకంటే పోర్టుకి కంట్రోల్ రూమ్ ఉంటుంది, కణంలో అందరినీ చూసే ఒక ఆఫీసరు ఎవరూ లేరు. ఎవరి పని వాళ్లు చేస్తే మొత్తం సరిగ్గా నడుస్తుంది, అంతే. ఈ ఏర్పాటు ఎంత పాతదంటే, 1987లో పాల్ నర్స్ బృందం ఈస్ట్ అనే ఏకకణ జీవిలో విభజనని నడిపే జన్యువు చెడిపోయిన చోట మనిషి జన్యువు పెడితే ఈస్ట్ చక్కగా విభజించుకుంది. మనకీ ఈస్ట్‌కీ దారులు వేరయ్యి వంద కోట్ల ఏళ్లు దాటింది. అంత పాత, అంత అవసరమైన వాటికి మనం జబ్బు పేరు పెట్టి పిలుస్తున్నాం.

రొమ్ముకి జబ్బైతే గుండెకి ఎకో ఎందుకు

పిన్ని రిపోర్టులో ఉన్నది హెర్‌టూ పాజిటివ్, త్రీ ప్లస్, అంటే గడ్డ కణాల మీద అది బాగా ఎక్కువగా ఉందని. హెర్‌టూ కూడా పైన చెప్పినలాంటి గ్రాహకమే. దాని జన్యువు 17వ క్రోమోజోమ్ మీద అందరికీ రెండు ప్రతులు ఉంటుంది, నాకూ, మీకూ, ఆ ఫోన్ చేసినావిడకీ, వాళ్లబ్బాయికీ. కొన్ని రొమ్ము కణితుల్లో, వందలో సుమారు 15 నుంచి 20 వాటిల్లో, ఆ ప్రతులు రెండు కాస్తా చాలా ఎక్కువైపోయి కణం మీద గ్రాహకాలు కిక్కిరిసి, కబురు రాకపోయినా ఒకదానికొకటి తగులుకుంటూ కబురు వచ్చినట్టే పని చేస్తాయి. ఇది జరిగింది ఆ గడ్డలోని కణాల్లో మాత్రమే. ఒంట్లో మిగతా కణాల్లో రెండే ఉన్నాయి. మా చెల్లి పుట్టి 26 ఏళ్లయింది. ఆ తర్వాతెప్పుడో రొమ్ములో ఒక కణంలో జరిగిన తప్పు 26 ఏళ్ల కిందట పుట్టిన పిల్లకి ఎలా వెళుతుంది? ఆ రోజు ఫోన్లో నేను చెప్పాల్సింది ఇది.

కీమో తర్వాత పిన్నికి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, మూడు వారాలకొకటి, ఏడాది పాటు. ఇది హెర్‌టూ మీదే వెళ్లి కూర్చునే మందు, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటి ఇంజెక్షన్‌కి ముందు గుండెకి ఎకో తీయించుకోమన్నారు, ఆ తర్వాత మూడు నెలలకోసారి. పిన్నికి టెన్షన్ పట్టుకుంది. "రొమ్ముకి జబ్బైతే గుండెకి ఎకో ఎందుకు? అక్కడికి కూడా పాకిందా? మీరంతా నా దగ్గర దాస్తున్నారా?" అని ఆటోలో నా చెయ్యి పట్టుకుని అడిగింది.

దాయలేదు. గుండెకి కూడా హెర్‌టూ కావాలి, అంతే. 1995లో హెర్‌టూ జన్యువు తీసేసిన ఎలుక పిండాలు గుండె సరిగ్గా తయారవక కడుపులోనే చనిపోయాయి. పెద్దయ్యాక కూడా గుండె కండర కణాలు దెబ్బలు తట్టుకోవడానికి ఆ సంకేతం పనికొస్తుంది. అందుకే దాన్ని అణిచే మందు కొందరిలో గుండెని బలహీనపరుస్తుంది, అందుకే ఎకో. ఆటోలో సిరిపురం దాటేదాకా ఇది చెబుతూ వచ్చాను. పిన్ని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే అది లేకపోతే నేను పుట్టేదాన్నే కాదన్నమాట" అంది. నేను ఇంతకాలం చదివిన ఏ పుస్తకంలోనూ ఈ విషయం ఇంత సూటిగా చెప్పలేదు. గుండె కట్టిన జన్యువుని పట్టుకుని క్యాన్సర్ జన్యువు అంటే ఎలా?

పేర్ల గొడవ ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. జన్యువు పని చేస్తున్నంత కాలం ఎవరి కంటా పడదు, చెడినప్పుడే కనబడుతుంది, కనబడిన చోటి పేరే దానికి మిగిలిపోతుంది. 1973లో మన దేశపు శాస్త్రవేత్త ఆర్.పి. శర్మ రెక్కలు లేని ఒక పండుఈగ రకాన్ని గుర్తించి దానికి వింగ్‌లెస్ అని పేరు పెట్టాడు. ఆ జన్యువు మామూలుగా చేసే పని రెక్కలు రప్పించడం, పేరేమో రెక్కల్లేనిది అని. 1982లో ఎలుకల రొమ్ము కణితుల్లో ఇంట్-1 అని ఒక జన్యువు దొరికితే, ఐదేళ్లకి అదీ వింగ్‌లెస్సూ ఒకటే అని తేలింది. ఈగకి రెక్కలు తెచ్చేదే ఎలుకలో కణితి జన్యువుగా నమోదైంది. ఈగకి ఏ పేరు పెట్టినా ఎవరికీ నష్టం లేదు. మనిషి విషయంలో అలా కాదు, ఆ పేరు రిపోర్టులోంచి కౌంటర్‌కి, కౌంటర్ నుంచి చుట్టాలకి, వాళ్ల నుంచి పెళ్లిసంబంధం దాకా వెళుతుంది.

నన్ను ఆపిన అనుమానాలు

ఇదంతా రాశాక రెండు వారాలు పోస్టు చేయకుండా ఉంచాను. కొన్ని అనుమానాలు వదల్లేదు.

మొదటిది బీఆర్‌సీఏ. రొమ్ము క్యాన్సర్లలో వందకి 5 నుంచి 10 దాకా వంశపారంపర్యంగా వచ్చిన తేడాతో ముడిపడినవే, వాటిలో బీఆర్‌సీఏ ముఖ్యమైనది. తల్లికో తండ్రికో ఆ తేడా ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. అప్పుడు ఆ గాజువాక తల్లి ప్రశ్న సరైనదే కదా? దానికి నా జవాబు, బీఆర్‌సీఏ కూడా తెగిన డీఎన్ఏని అతికే జన్యువు, అందరికీ ఉంటుంది, కొన్ని కుటుంబాల్లో చెడిన ప్రతి దిగివస్తుంది. కాబట్టి "నీకు బీఆర్‌సీఏ ఉందా" అనే ప్రశ్నే తప్పు, "నీ బీఆర్‌సీఏ బాగుందా" అని అడగాలి. మేము అడిగితే డాక్టర్ ఆ రక్తపరీక్ష కూడా రాశారు, పిన్నికి తేడా ఏమీ రాలేదు. కానీ ఒకవేళ వచ్చి ఉంటే నేను ఇంత గట్టిగా రాసేదాన్నా? మాట ఇదే రాసేదాన్ని, చెయ్యి మాత్రం వణికేది. ఇంకొకటి, పరీక్షలో ఏమీ రాకపోయినా, తల్లికి వచ్చినప్పుడు కూతురికి రిస్కు మిగతావాళ్ల కంటే కొంత ఎక్కువే. అది దాచి పేరు గురించి మాత్రమే వాదిస్తే అది న్యాయం కాదు.

రెండోది పొగాకు. అంతా జన్యువుల్లో పొరపాటే అంటే, పొగతాగేవాడికి "నా చేతుల్లో ఏముంది" అనే సాకు ఇచ్చినట్టు కాదా? 2015లో ఇలాగే ఒక గొడవ అయింది. ఏ అవయవంలో మూలకణాలు ఎక్కువసార్లు విభజిస్తాయో అక్కడ క్యాన్సర్లు ఎక్కువని, అవయవానికీ అవయవానికీ మధ్య ఉన్న తేడాలో మూడింట రెండు వంతులు దీనితోనే ముడిపడి ఉందని ఒక పరిశోధన వస్తే, క్యాన్సర్ మూడింట రెండు వంతులు దురదృష్టమేనని పేపర్లు రాసేశాయి. అవి రెండూ ఒకటి కాదు. మా ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అని ఉంది. చుట్ట వెలిగించిన కొస నోట్లోపల పెట్టుకుని తాగడం. ఎక్కువగా ఆడవాళ్లే. చిన్నప్పుడు భీమిలి వైపు అమ్మమ్మగారి ఊర్లో ఒకావిడ ఎండుచేపలు తిరగేస్తూ పెదాల మధ్య చుట్టతో మాట్లాడుతుంటే, మాట మాటకీ నోట్లోంచి పొగ వచ్చేది, నిప్పు కనిపించేది కాదు. గాలికి ఆరదనీ, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయనీ చెప్పేది. అంగిలి మీద క్యాన్సర్ మామూలుగా అరుదు, ఈ అలవాటున్న చోట అరుదు కాదు. ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు 1970ల్లోనే దీని మీద రాశారు. పొగాకు పొగలోని ఒక రసాయనం పీ53 జన్యువులో సరిగ్గా ఎక్కడెక్కడ అతుక్కుంటుందో 1996లో చూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో పీ53 చెడిపోయి కనిపించే చోట్లూ అవే. అంటే ఆపే జన్యువుని ఎవరు విరిచారో వేలిముద్రలతో సహా దొరికింది. జన్యువుల భాషలో మాట్లాడితే పొగాకు తప్పు తగ్గదు, ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

మూడో అనుమానమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రెండో కీమో అయిన రాత్రి, జుట్టు దిండు మీద కుచ్చులుగా రాలుతున్న రోజుల్లో, పిన్ని అడిగింది, "అది బయటినుంచి రాలేదంటావు, నా కణమే అంటావు. అంటే నా ఒళ్లే నాకు ద్రోహం చేసిందా?" నేను ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. రెండు రోజులు అద్దం వైపు వెళ్లలేదు. నా స్నేహితురాలు ఒకామె డాక్టర్, తను ముందే హెచ్చరించింది: "శత్రువు అని చెప్తే మనిషి పోరాడతాడు. నీదే అని చెప్తే ఎవరితో పోరాడాలి? వాళ్లకి కావాల్సింది ధైర్యం, పాఠం కాదు." ఆ రెండు రోజులూ ఆమె మాటే నిజమనిపించింది. ఇప్పటికీ కొంత నిజమనే అనుకుంటున్నాను. జబ్బు తెలిసిన మొదటి వారంలో ఎవరికీ ఇదంతా చెప్పకండి. అడిగినప్పుడు చెప్పండి.

కానీ శత్రువు అన్న మాట కూడా ఊరికే పోలేదు. మా దూరపు బంధువు ఒకాయన, పిన్ని మీద ప్రేమతోనే, చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుందని ఒక వీడియో పంపించాడు. శత్రువు అనుకుంటే తిండి ఆపేసి చంపొచ్చు అనిపించడం సహజం. పిన్ని నాకు చెప్పకుండా మూడు వారాలు అన్నం మానేసింది, నాలుగు కిలోలు తగ్గింది, తర్వాతి కీమో వాయిదా పడింది. డాక్టర్ చాలా కోప్పడ్డారు. కణితులు గ్లూకోజ్ ఎక్కువగా లాగుతాయన్నది నిజమే, 1920లలోనే వార్‌బర్గ్ చూశాడు, ఒంట్లో కణితులని వెతికే పెట్ స్కాన్ పనిచేసేదీ దాని మీదే. అయితే పెరగమనే సంకేతం ఆగకుండా ఉండటం వల్ల ఆ కణం చక్కెర లాగుతుంది. మనం అన్నం మానేస్తే రక్తంలో గ్లూకోజ్‌ని ఒళ్లు తన కండ కరిగించైనా నిలబెడుతుంది, కణితి తన వాటా తను తీసుకుంటూనే ఉంటుంది, సన్నబడేది మనిషే. ఇది పిన్నికి ముందే అర్థమయ్యేలా చెప్పి ఉంటే ఆ మూడు వారాలు పోయేవి కావు. నేను చెప్పలేదు, ధైర్యం చెబితే చాలనుకున్నాను.

ఆ అద్దం సంగతి ఎలా తేలిందో నాకు పూర్తిగా తెలియదు. నేను చెప్పిన మాటల వల్ల అని చెప్పుకోలేను. ఆటోలో ఎకో గురించి మాట్లాడిన రోజు తర్వాత ఒకసారి తను స్నానం చేసి వచ్చి, ఆపరేషన్ కుట్ల గీత మీద ఎడమచేతి చూపుడువేలు పెట్టుకుని కూర్చుంది. వేలి మీద ఆ పాత గీత ఉంది కదా, అది, కింద ఇది. "రెండూ ఒకలాగే మానాయి చూశావా" అంది. అప్పటికి జుట్టు మళ్లీ మొలుస్తోంది, ఇదివరకు లేని ఉంగరాలతో.

ఈ మంగళవారం ఆ గాజువాక వాళ్లకి పిన్నే ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, ఏం చెప్పాలో చీటీ రాసి ఇచ్చాను కూడా, తను చూడలేదు. "అది నా గడ్డలో జరిగిన తేడా అండీ, పిల్లకి వచ్చేది కాదు. ఆ జన్యువు మీకూ నాకూ అందరికీ ఉంటుందట, గుండెకి కావాలట. వంశంలో వచ్చేది వేరే ఉంది, ఆ పరీక్ష చేయించాం, ఏమీ లేదు. కానీ తల్లికి వచ్చింది కాబట్టి పిల్ల కాస్త ముందునుంచే చెకప్‌లు చేయించుకోవాలన్నారు. అది కూడా చెప్పేస్తున్నాను, తర్వాత మీరు ఏమీ అనుకోకూడదు" అంది. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆవిడ "మీకిప్పుడు ఎలా ఉంది వదినగారూ" అని అడిగారు. పదిహేను నిమిషాలు మాట్లాడుకున్నారు, ఎక్కువ మందుల గురించే, ఆవిడ వాళ్లక్కకీ ఇలాగే ఏదో అయిందట.

ఆదివారం వచ్చేదీ లేనిదీ ఇంట్లో మాట్లాడుకుని చెప్తామన్నారు. ఇవాళ గురువారం, ఇంకా ఫోన్ రాలేదు. పిన్నికి ఎల్లుండి పొద్దున్న ఎకో ఉంది, నేనే తీసుకెళ్తున్నాను.